మగ్గం గుంత చుట్టూ కట్టిన ఇల్లు

ముందుగా నా పనితనం గురించి ఒక ముక్క. నలభై ఏండ్లు కర్నూలు చుట్టుపక్కల ఊళ్ళలో ఇండ్లు కట్టిన నేను, మా సొంతింటి బాత్రూం తలుపును లోపలికి తెరుచుకునేట్టు పెట్టించుకున్నాను. లోపలికి పోయినవాడు తలుపు వేసుకోవాలంటే బకెట్‌లో ఒక కాలు పెట్టి నిలబడాలి. ఇంటికి ఎవరొచ్చినా మా ఆవిడ టీ ఇచ్చే ముందు ఆ తలుపు చూపిస్తుంది. “ఈయనేనమ్మా, పెద్ద మేస్త్రీ” అని పరిచయం కూడా చేస్తుంది. ఇక నేను రాసేదాన్ని మీరు నమ్మినంత నమ్మండి.

చదువు ఆరో తరగతి దగ్గర ఆగింది. లెక్కల అయ్యవారు “నీ తలకాయ నిండా ఇటుకలే రా ఖాసీం” అన్నాడు. పెద్దాయన మాట పోగొట్టడం ఎందుకని ఇటుకల పనిలోనే చేరాను. మోకాళ్ళు మొరాయించేదాకా పరంజా దిగలేదు.

ఇప్పుడు ఆర్కిటెక్చరు చదివిన పిల్లలు, సూపర్‌వైజర్లుగా చేరే పిల్లలు అప్పుడప్పుడూ మా వరండాలో కూర్చుని “అంకుల్, సైటు ఎలా ఉంటుంది?” అని అడుగుతారు. సైటులో అందరికీ అన్నీ తెలుసు నాయనా. ఉన్న కష్టమంతా అదే. ఏమీ తెలియనివాడు ఒక్కడు దొరికినా ఇల్లు నెల ముందే పూర్తవుతుంది.

మిగతాది చెప్పడానికి ఒక ఇల్లు చాలు. ఎమ్మిగనూరు వైపు, నేతపనివాళ్ళు ఎక్కువగా ఉండే ఒక ఊళ్ళో కట్టిన ఇల్లది. నా నెత్తి మీద మిగిలిన నల్లవెంట్రుకలను తెల్లగా చేసింది ఆ ఇల్లే.

మూడు భాషలు

ఇల్లు కట్టేచోట మూడు భాషలు నడుస్తాయి. ఇంటాయన ఫోనులో ఫోటోలు చూపిస్తాడు. ఆర్కిటెక్టు మిల్లీమీటర్లు చెబుతుంది. మేస్త్రీ “అయితాది లే” అంటాడు.

ఈ మూడింటిలో ప్రమాదమైంది మాదే. ఏది అడిగినా “అయితాది లే” అనేయడం మా మేస్త్రీల జబ్బు. గోడ వంకర తిరగాలా? అయితాది. మెట్ల కింద పూజగది రావాలా? అయితాది. ఎలా అవుతుందో తర్వాత మేమూ మేమూ తిట్టుకుంటూ ఆలోచిస్తాం. కొత్తగా పనిలో చేరేవాళ్ళు ముందు ఈ మాట మానేయండి. మీ బతుకు సగం బాగుపడుతుంది.

ఈ ఇంట్లో ఫోటోల మనిషి మల్లేశు. ఊళ్ళో చీరల దుకాణం పెట్టి బాగా నిలదొక్కుకున్నవాడు. మంచివాడే. కాకపోతే రోజుకో ఇల్లు నచ్చుతుంది. పొద్దున దుబాయి ఇల్లు, సాయంత్రం కేరళ ఇల్లు పంపేవాడు. ఒకసారి ఆసుపత్రి ఫోటో పంపాడు. “ఇది ఆసుపత్రి గదప్పా” అంటే, “ముందర అద్దం చూడు మేస్త్రీ, అద్దం” అన్నాడు. పడమటి ముఖం ఇంటికి అంత అద్దం పెడితే ఏప్రిల్‌లో లోపల రొట్టెలు కాల్చుకోవచ్చు.

మిల్లీమీటర్ల మనిషి సుమతి మేడం. కర్నూలులో కొత్తగా సొంత ఆఫీసు పెట్టుకున్న ఆర్కిటెక్టు. చిన్న వయసు. నన్ను భాయ్ అని పిలిచేది. మొదటిరోజే “రెండు వేల నాలుగొందలు భాయ్” అంది. “రూపాయలా మేడం?” అన్నాను. ఆమె నవ్వలేదు. తర్వాత తెలిసింది, ఆమె లోలోపల నవ్వుకుని పైకి ఇంకో డ్రాయింగు ఇచ్చే రకమని.

నాగప్ప షరతు

మల్లేశు నాయన నాగప్ప. మేము పడగొట్టి కొత్తిల్లు కట్టాల్సిన వాళ్ళ పాత మట్టిమిద్దెలో, వెనక గదిలో ఆయన మగ్గం. గుంత మగ్గం అంటే నేలలో గుంత తీసి, అందులో కాళ్ళు పెట్టుకుని, నేలమట్టాన కూర్చుని నేసేది. భూమిలోని చెమ్మ పైకొచ్చి నూలును మెత్తగా ఉంచుతుంది. అది లేకపోతే మా సీమ ఎండకు నూలు అప్పడంలా పెళుసెక్కుతుంది.

మొదటిసారి మేమంతా కలిసినప్పుడు నాగప్ప మగ్గం మీద నుంచి లేవకుండానే మాట్లాడాడు.

“ఏమప్పా మేస్త్రీ, ఇల్లు మీ ఇష్టం. మిద్దె లేపుతారో మేడ లేపుతారో మీరే చూసుకోండి. నా గుంత మాత్రం యాడుండాదో ఆడే ఉండల్ల. జరపొద్దు, లేపొద్దు. అది పాయనంటే ఇంగ నేను నేసేది లేదు.”

మల్లేశు మమ్మల్ని బయటికి పిలిచి గొంతు తగ్గించాడు. “మా నాయన చాదస్తం మేడం. ఆయనకు గుంత పెట్టండి, నాకు ఎలివేషన్ పెట్టండి.”

ఇంటి ముఖానికి ఎలివేషన్ అని పేరు. నేను చూసిన యజమానుల్లో ముక్కాలు మంది ఆ ముఖంలోనే కాపురం ఉంటారు.

మేడం మాత్రం తిరిగి లోపలికి పోయింది. చెప్పులు విడిచి, గుంత అంచున నేల మీద కూర్చుంది. నాగప్ప నేస్తూనే ఉన్నాడు. ఆయన భార్య లింగమ్మ రాట్నం మీద నూలు కండెలకు చుడుతూ “కుర్చీ ఎయ్యాల్నా అమ్మా?” అంది. “వద్దమ్మా” అని ఆ పిల్ల గుంత లోపలి మట్టిని చేత్తో తడిమి చూసింది. పైన మిద్దెకు ఉన్న గవాచిని, అదే, వెలుతురు కోసం కప్పులో వదిలే కంతను, అది వెలుతురు ఎక్కడ పడేస్తుందో చూసింది. మధ్యాహ్నం అన్నం వేళకు గానీ లేవలేదు. నేను బయట వేపపుల్ల నములుతూ, ఈ లెక్కన పునాది మా మనవడి పెండ్లికి పడుతుంది అనుకున్నాను.

బేస్‌మట్టం పిచ్చి

ఇక్కడ మావాళ్ళ జబ్బు ఒకటి చెప్పాలి. బేస్‌మట్టం అంటే నేల మీద నుంచి ఇంటి గచ్చు దాకా లేపే ఎత్తు. మా వైపు కొత్తగా ఎవడు కట్టినా ఎదురింటికంటే అది ఎత్తుగా ఉండాలి. ఎందుకని అడిగితే వాన నీళ్ళు అంటారు. ఆ ఊళ్ళో వాన పడితే జనం పని మానుకుని బయటికొచ్చి చూస్తారు. అయినా వీధి వీధంతా వరదకు ఎదురు చూస్తున్నట్టు లేపుకుంటూ పోతారు. ఆ వీధిలోనే ఒక ముసలాయన మెట్లు దిగలేక పైనుంచి తాడు వేసి పాల ప్యాకెట్ లాక్కుంటాడు. అడిగితే “మా ఇల్లే ఎత్తు” అని మీసం తిప్పుతాడు.

మల్లేశుకు ఎదురింటి కంటే జానెడు ఎక్కువ కావాలి. నాగప్పకు గుంత కదలకూడదు. ఒకే ఇంట్లో ఒకాయన పైకి, ఒకాయన కిందికి.

మేడం గీసిన ఉపాయం ఇది: ఇల్లంతా మల్లేశు అడిగిన ఎత్తుకే వస్తుంది. మగ్గం గది మాత్రం పాత నేల మట్టానే ఉంటుంది. హాలులోంచి మెట్లు దిగి అందులోకి పోవాలి. ఎండ కొట్టే దిక్కున కిటికీ ఉండదు. మందంగా రాతిగోడ, పైన గవాచి, నీళ్ళు చొరబడకుండా బయట చుట్టూ కాలువ. పాత గుంతను తాకేది లేదు. చెప్పాలంటే ఇల్లు కట్టి మగ్గం పెట్టలేదు ఆమె, మగ్గం చుట్టూ ఇల్లు గీసింది.

కోసి చూపే బొమ్మ

ఈ ఎత్తుపల్లాలు కనపడేది సెక్షన్ బొమ్మలో. ఇంటిని బన్నులా నడిమికి కోసి లోపల ఏ అంతస్తు ఎక్కడుందో చూపిస్తారు. చూడ్డానికి అందంగా ఉండదు, గీతలే. అందుకే ఎవడూ చూడడు.

మల్లేశు కుటుంబం ఎలివేషన్ బొమ్మ చుట్టూ చేరి రెయిలింగు రంగు గురించి పొద్దున్నుంచీ వాదించుకున్నారు. బూడిదరంగా, తేనెరంగా? సెక్షన్ కాగితం మీద టీ గ్లాసులు పెట్టారు. ఆ గ్లాసులు ఎత్తి, కింద ఏముందో అడిగింది లింగమ్మ ఒక్కతే.

“ఈ మెట్లేమిటికమ్మా?”

మేడం చెప్పింది.

“అట్లయితే మెట్టు పొట్టిగ పెట్టు తల్లీ. కండెల గంప ఎత్తుకోని దిగేది నేను. ఈళ్ళు గాదు.”

మేడం అక్కడే పెన్సిల్ తీసి దిద్దింది. మల్లేశు “తేనెరంగే ఖాయం” అని సంతకం పెట్టేశాడు.

పిల్లలకు నేను చెప్పేదొకటే. సంతకం పెట్టించుకునే ముందు ఆ సెక్షన్‌ను సైటులో నిలబెట్టి చూపించండి. నాలుగు ఇటుకలు పేర్చి “హాలు గచ్చు ఇంత ఎత్తు, ఆ గది ఇంత లోతు” అని ఇంటాయనను ఎక్కించి దించండి. కాగితం మీద చూసి తలూపినవాడు, గోడలు లేచాక మొదటిసారి చూసినట్టు అరుస్తాడు.

పని మొదలైంది. మగ్గం విప్పి, వాళ్ళు తాత్కాలికంగా పక్కవీధిలో బాడుగింటికి మారారు. గుంత మీద బేతంచెర్ల బండలు పరిచి మూశాను. నాగప్ప రోజూ వచ్చి ఆ బండల మీద నిలబడి ఒకసారి కాలితో తట్టి పోయేవాడు. నిద్రపోయే బిడ్డను చూసి పోయినట్టు.

మేడంతో నాకు రోజూ గొడవే. మగ్గం గది రాతిగోడ సందుల్లో సిమెంటు ఎక్కువ పూశామని ఒక వరుస మొత్తం విప్పించింది.

“రాయి కనపడాలి భాయ్.”

“రాయి కనపడితే సిమెంటు గిలాబు చేయనీకె దుడ్లు లేవనుకుంటారు మేడం, మా వైపు.”

“అనుకోనీండి. విప్పండి.”

నా మనుషులు నన్ను చూశారు. నేను ఆకాశాన్ని చూశాను. విప్పాం. గోడ బాగా వచ్చిందని నేనిప్పుడు ఒప్పుకుంటాను, అప్పుడైతే ఆమెను ఏ బస్సెక్కించి పంపాలా అనే చూస్తున్నాను.

నేను లేనప్పుడు

కప్పు పడింది, గిలాబులు అయ్యాయి. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకుని పత్రికలు పంచారు. మేడం ఏదో పని మీద బెంగళూరు పోయింది. నేను ఓర్వకల్లు దగ్గర ఇంకో సైటులో కప్పు పోయించడానికి పోయాను. అంతా అయ్యాక తిరిగొచ్చి చూస్తే ఇంటి ముందర ట్రాక్టరు జాడలు. లోపల మగ్గం గది నిండా ఎర్రమొరం, దాని మీద నున్నగా సిమెంటు. హాలూ ఆ గదీ ఒకే మట్టం.

మల్లేశు ముఖం వెలిగిపోతోంది. “చూడప్పా మేస్త్రీ, ఎట్ల సమం చేయించినానో!”

“ఏమిటికి చేయించినావు సామీ?”

“మా చిన్నమామ వచ్చినాడు. లోపలికి వస్తానే, ‘ఏమిరా, నట్టింట్లో బాయి తవ్వుకున్న్యావే’ అన్నాడు. నలుగురొచ్చే ఇల్లు గదప్పా. నాకు తల తీసేసినట్లాయ.”

“మరి మీ నాయన గుంత?”

“యాడికి పోతాది? కిందనే ఉండాది.”

మనిషిని పూడ్చిపెట్టి “ఈడే ఉన్నాడు” అన్నట్టుంది. నవ్వాలో ఏడవాలో తెలియక తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాను.

“పైన ఇంకొకటి తవ్వుకుందాం లేప్పా. ఆడా మన్నే, ఈడా మన్నే” అన్నాడు.

మేడంకు ఫోను చేశాను. అంతా వింది. “వాళ్ళు సెక్షన్ చూశారు కదా భాయ్?” అంది.

“దాని మీద ముందు టీ పెట్టినారు, ఇప్పుడు మొరం పోసినారు మేడం.”

మర్నాడు వచ్చింది. ఆ గది గుమ్మంలో నిలబడి చూసింది. నాగప్ప అప్పటికే అక్కడున్నాడు. కొత్త గచ్చు మీద, కిందటి గుంత ఎక్కడుందో సరిగ్గా ఆ చోట కూర్చుని ఉన్నాడు.

“ఇల్లు మాది మేడం,” అన్నాడు మల్లేశు. అడగక ముందే అన్నాడంటే లోపల ఎక్కడో గుచ్చుకుంటోందన్నమాట.

“ఇల్లు మీదే. మగ్గం మీ నాన్నది,” అంది మేడం. “వాదన వద్దు. మీరన్నట్టే పైన గుంత తవ్విద్దాం. ఆయన్ను నేయనీయండి. సాగితే నా బొమ్మే తప్పని నలుగురిలో చెబుతా.”

నాకు ఒళ్ళు మండింది. తప్పని తెలిసి తెలిసి ఆ పని నాతో చేయిస్తుందా? ఇప్పుడనిపిస్తుంది, ఆమె ఆ రోజు గొంతు పెంచి ఉంటే మల్లేశు పంతానికి పోయి గ్రానైటు కూడా పరిపించేవాడు. కోపం వచ్చినప్పుడు పరీక్ష పెట్టడం నేను ఆ పిల్ల దగ్గర చూశాను. నాకు మాత్రం ఇప్పటికీ చేతకాదు.

తెగిన పోగులు

మొరంలో గుంత తీస్తే అంచులు జలజలా రాలిపోయాయి. చుట్టూ బండలు నిలబెట్టి అదిమాం. మగ్గం ఎక్కించారు. నాగప్ప కూర్చున్నాడు. బయట ఏప్రిల్ గాలి.

పోగును మోసే నాడె ఇటు పోయింది, అటు పోయింది. ఆగింది. పోగు తెగింది. నాగప్ప వంగి ముడి వేశాడు. మళ్ళీ రెండుసార్లు ఆడింది, మళ్ళీ ఆగింది. లింగమ్మ గోనెపట్టలు తడిపి కిటికీకి కట్టింది. గుంతలో చెంబుల కొద్దీ నీళ్ళు చల్లింది. మొరం ఆ నీళ్ళను గుటుక్కున మింగి మూతి తుడుచుకుంది. మళ్ళీ పొడి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వినడానికి మగ్గం చప్పుడు లేదు, ముసలాయన నిట్టూర్పులే.

ఒక మధ్యాహ్నం ఆయన గుంతలోంచి కాళ్ళు తీసి, భుజం మీది తువ్వాలు దులుపుకుని హాలులోకి వచ్చాడు. మల్లేశు తేనెరంగు రెయిలింగుకు ప్లాస్టిక్ విప్పిస్తున్నాడు.

“మల్లేశా, ఇల్లు శానా బాగుండాది,” అన్నాడు నాగప్ప. “పాలు పొంగించుకోండి. నేను ఆ బాడుగింట్లోనే ఉంటా.”

“నాయనా! పత్రికలు పంచినా గద!”

“పంచినావు. వచ్చినోళ్ళకు అన్నం పెట్టు.”

“నువ్వు లేకుంటే ఎట్ల నాయనా?”

“మగ్గం లేకుంటే నేనెట్ల రా?”

అరవలేదు. చెప్పులు వేసుకుని, కొత్త మెట్లు ఒక్కొక్కటే దిగి పోయాడు. ఎత్తుగా కట్టుకున్నాం కదా, దిగడానికి చాలాసేపు పట్టింది. ఆ చాలాసేపూ మల్లేశు ఆయన వీపునే చూస్తూ నిలబడ్డాడు.

లింగమ్మ గదిలోంచి వచ్చి కొడుకు చేతిలో ముడులు పడిన కండె ఒకటి పెట్టింది. “చీరలమ్మేటోనివి గద. ఇన్ని ముడులుండే చీర నీ అంగట్లో ఎవురన్నా కొంటారేమో చెప్పు. కొంటారంటే మీ నాయన్ను నేనే పిల్చుకొస్తా.”

మల్లేశు ఆ కండెను చూశాడు. నన్ను చూశాడు.

“తవ్వప్పా,” అన్నాడు.

“ఏది?”

“ఏదంటావేందప్పా, అంతా!”

ముహూర్తం దగ్గర పడింది. గచ్చు పగలగొట్టి, మొరం తట్టలకెత్తి బయట పోశాం. పోయడానికి ఒక రోజు పడితే తీయడానికి తల ప్రాణం తోకకొచ్చింది. మల్లేశు కూడా చొక్కా విప్పి తట్ట ఎత్తాడు. రెండు తట్టలు మోసి, ఇక సూపర్‌వైజరు అయిపోయాడు. ఆఖరున బేతంచెర్ల బండలు లేపితే, అడుగున పాత గుంత, చల్లగా, తడిమట్టి వాసనతో అలాగే ఉంది. ఎవరో పోయి పిలుచుకొచ్చారు. నాగప్ప మెట్లు దిగి వచ్చి, అంచున కూర్చుని, కాళ్ళు లోపల పెట్టుకున్నాడు. కండ్లు మూసుకున్నాడు. నేను ఏదో జోకు వేద్దామని నోరు తెరిచి, మూసుకున్నాను. నా వృత్తిలో అలా జరగడం అదొక్కసారే.

ఆ సమయంలో కూడా మేడం టేపు తీసి మెట్లు కొలిచింది. “ఈ మూడో మెట్టు ఎత్తుగా ఉంది భాయ్. లింగమ్మగారికి మాటిచ్చాం.” మళ్ళీ విప్పాం.

గృహప్రవేశం నాడు పాలు పొంగాయి, వెనకే మగ్గం ఆడింది. భోజనాలయ్యాక ఆ చిన్నమామ హాలులో ఎక్కడా లేడు. చూస్తే మగ్గం గది మెట్ల మీద, చల్లగా గోడకు ఆనుకుని గురకపెడుతున్నాడు.

ఇక నా మాట

ఇల్లు కట్టేవాళ్ళకు చెప్పేది కాస్త ఉంది. ఆర్కిటెక్టును పెట్టుకుంటే ఆమె మాట వినండి, లేదంటే పెట్టుకోవద్దు. ఇంటికి ముఖం ఎంచుకునే ముందు, ఆ ఇంట్లో పొద్దంతా ఉండే మనిషి ఎక్కడ కూర్చుంటాడో అడగండి. చుట్టం ఒక పూట ఉంటాడు, వాని మాటకు ఇల్లు మార్చొద్దు. ఆర్కిటెక్టు పిల్లలకు: మీరు ఊళ్ళో లేని రోజే ట్రాక్టరు వస్తుంది. మేస్త్రీని మంచి చేసుకోండి, అతను ఏ రోజు సైటులో ఉండడో కూడా తెలుసుకుని ఉండండి. మేస్త్రీలకు: విప్పమంటే విప్పండి. తిట్టుకోండి, పరవాలేదు. విప్పండి.

ఇదంతా రాస్తున్నానని మొన్న వాళ్ళింటికి పోయి చెప్పాను. లింగమ్మ రాట్నం తిప్పుతూనే వింది. నాగప్ప మగ్గం మీద ఉన్నాడు. గుంత మూసింది, మొరం పోసింది, తవ్వింది, మళ్ళీ తవ్వింది, నా నడుము పడిపోయింది, నా ఓపిక, నా సహనం, అన్నీ వరుసగా వివరించాను. ఎంత కష్టపడ్డానో మీకేం తెలుసక్కా అని ముగించాను.

లింగమ్మ రాట్నం ఆపింది.

“ఒక గుంత రెండుమార్లు తవ్వినందుకు ఇంత కత చెప్తాండావు మేస్త్రీ. పోగు తెగినప్పుడల్లా మేమూ ఇట్ల ఊరంతా చెప్పుకుంట తిరిగింటే, నీ పెండ్లాం ఒంటిమీద ఈ పొద్దుకు చీరుండేది గాదు. జరుగు రొంత, ఎల్తురుకు అడ్డమొస్తాండావు.”